కోడ్ చిరునామా ఎవరు చెప్పాలి?

కంపైల్ అయిన కోడ్ ఒక ఊళ్లో ఉంటుంది. దాన్ని వాడుకోవలసిన అప్లికేషన్ ఇంకో ఊళ్లో అప్పటికే నడుస్తూ ఉంటుంది. నడుస్తున్నది ఆగకుండానే, తన దగ్గర లేని ముక్కను నెట్‌వర్క్ మీద తెప్పించుకుని, తనలో కలిపేసుకుని పని సాగిస్తుంది. ఇదెలా కుదురుతుంది? అంతకంటే ముందు, ఎవరికి కావాలి ఇది?

జహీరాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. 65వ నంబరు జాతీయ రహదారి మీద బస్సెక్కి, అమీర్‌పేటలో కోర్ జావా, అడ్వాన్స్‌డ్ జావా నేర్చుకుని వచ్చినవాళ్లు ఈ చుట్టుపక్కల కూడా ఉన్నారు. వాళ్లను 'క్లాస్ లోడర్' గురించి అడగండి. బూట్‌స్ట్రాప్, ఎక్స్‌టెన్షన్ (జావా 9 నుంచి ప్లాట్‌ఫాం), అప్లికేషన్ అని మూడు పేర్లు గడగడా చెప్పేస్తారు. ఇంటర్వ్యూ గట్టెక్కడానికి అవి చాలు. మన ప్రశ్నకి జవాబు మాత్రం ఆ పేర్లలో దొరకదు. అసలు లోడర్ అనేదాన్ని ఎందుకు పెట్టారో చూస్తే దొరుకుతుంది.

ముందు 'ఎందుకు' సంగతి.

జహీరాబాద్ చుట్టుపక్కల అల్లం, ఆలుగడ్డ బాగా పండుతాయి. అల్లం కొనే దుకాణాలు పది ఉన్నాయనీ, పదింట్లోనూ తూకం పట్టీ రాసే చిన్న ప్రోగ్రాం ఒకటి నడుస్తోందనీ అనుకుందాం. ఇవాళ్టి ధర ఒక అంకె. రోజూ మారుతుంది, మారినా బాధ లేదు. సర్వర్ నుంచి అంకె తెచ్చుకుని ప్రోగ్రాం గుణించుకుంటుంది. తరుగు తీసే పద్ధతే మారితే? నిన్నటిదాకా బస్తాకి ఇంత అని కొట్టేసేవాళ్లు. రేపటినుంచి మట్టి ఎంతుందో చూడాలి, తడి ఎంతుందో చూడాలి, ఒక హద్దు దాటితే ఒకలా, దాటకపోతే ఇంకోలా తీయాలి అన్నారు. ఇది అంకె కాదు, లెక్క కట్టే తీరు. అంటే కోడ్. ఇక పది దుకాణాలకీ మనిషిని పంపి కొత్త ప్రోగ్రాం ఎక్కించాలి. అందులో ఒకాయన దుకాణం మూసి బీదర్‌లో పెళ్లికి పోయుంటాడు. తొమ్మిది చోట్ల కొత్త తరుగు, పదో చోట పాత తరుగు. రైతుకి తెలిస్తే ఊరుకుంటాడా?

అందుకని తరుగు లెక్క కోడ్‌ని ఒకే మెషీన్‌లో ఉంచి, దుకాణాల్లో ప్రోగ్రాం తెరిచిన ప్రతిసారీ అక్కణ్ణుంచి తెచ్చుకునేలా చేయడం ఒక మార్గం. మార్చవలసింది ఒక్క చోటే.

లెక్క సర్వర్‌లోనే కట్టించి జవాబు మాత్రం తెప్పించుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నిజమే, ఇవాళ చాలామంది చేసేది అదే, చాలా పనులకి అదే మంచిది కూడా. కానీ కాటా ఇక్కడుంది, ప్రింటర్ ఇక్కడుంది, నెట్ మాత్రం ఉన్నట్టుండి పోతుంది. ప్రతి బస్తాకీ సర్వర్‌ని అడగవలసి వస్తే, నెట్ పోయిన గంటసేపూ బళ్లు రోడ్డు మీద నిలబడతాయి. పొద్దున్నే ఒకసారి కోడ్ తెచ్చుకుంటే సాయంత్రందాకా దాంతోనే నడుస్తుంది. డేటా ఉన్నచోటికి కోడ్‌ని పంపాలా, కోడ్ ఉన్నచోటికి డేటాను పంపాలా అన్నది ఎప్పటినుంచో ఉన్న తగాదా. ఎక్కడ ఏది బరువో చూసుకుని తేల్చుకోవాలి తప్ప ఒకే తీర్పు అన్నిటికీ సరిపోదు.

సరే, పంపేదేదో సోర్సే పంపితే? జావాస్క్రిప్ట్ అలాగే వస్తుంది. బ్రౌజర్‌లో రోజూ జరిగేది అదే. కాకపోతే సోర్స్ పంపితే అవతలి మెషీన్ దాన్ని చదివి, తప్పులు చూసి, అర్థం చేసుకునే పని మొత్తం తనే మోయాలి. కంపైల్ చేసి పంపితే ఆ పని ఇక్కడే ఒక్కసారి అయిపోతుంది. సోర్స్ ఎవరికీ కనపడకుండా దాచుకోవచ్చు కదా అని కొందరికి ఆశ. అది వట్టి ఆశే. క్లాసు ఫైలుని మళ్లీ సోర్సులా విప్పి చూపించే డీకంపైలర్లు ఉచితంగా దొరుకుతాయి.

అయితే కంపైల్ చేయడం అంటే దేనికి చేయాలి? ఇంటెల్ చిప్పుకి చేస్తే ఫోన్లో ఉండే ఆర్మ్ చిప్పు మీద నడవదు. అవతల ఏ మెషీన్ ఉందో పంపేవాడికి తెలియదు. అందుకే ఏ చిప్పుదీ కాని ఒక మధ్యస్థ భాషకి కంపైల్ చేసి, అవతల దాన్ని నడిపే వర్చువల్ మెషీన్ ఉంచడం. జావాలో ఆ భాష పేరు బైట్‌కోడ్. సన్ మైక్రోసిస్టమ్స్ జావాను 1995 మే 23న లోకానికి చూపించింది. మన దేశంలో అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది అదే ఏడాది ఆగస్టు 15న. ఆనాటి నెట్ వేగం తలుచుకుంటే, కోడ్‌ని దాని మీద పంపాలన్న ఆలోచన రావడమే ఒక సాహసం.

ఇక 'ఎలా'.

జావా కంపైలర్ ఒక్కో క్లాసుకి ఒక్కో ఫైలు తయారుచేస్తుంది. ఆ ఫైల్లో మొదటి నాలుగు బైట్లు హెక్సాడెసిమల్‌లో చదివితే 'కెఫెబేబ్' అని కనిపిస్తుంది. రాసినవాళ్ల చిలిపితనం. ఇది క్లాసు ఫైలే అని గుర్తుపట్టడానికి అక్కడ ఏదో ఒకటి ఉండాలి, వాళ్లు అది పెట్టారు. తర్వాత వెర్షన్ నంబరు: జావా 8 అయితే 52, జావా 17 అయితే 61. పాత జావా ఉన్న మెషీన్‌కి పెద్ద నంబరు ఫైలు పంపితే లోపలికి రానివ్వదు. ఆ తర్వాత వచ్చే భాగం వల్లనే నెట్‌వర్క్ మీద పంపడం సాధ్యమైంది. అదొక పేర్ల పట్టీ. ఈ క్లాసు ఏయే ఇతర క్లాసులని పిలుస్తుందో, వాటిలో ఏ మెథడ్‌లు వాడుకుంటుందో అన్నీ పేర్లుగానే, అక్షరాల్లో రాసి ఉంటాయి. సీ భాషలో కంపైల్ చేసి అన్నీ లింక్ చేసేస్తే ఆ పేర్లు మెమరీ చిరునామాలుగా మారిపోతాయి, ముక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. జావాలో అతకడం చివరి నిమిషం దాకా వాయిదా పడుతుంది. 'తరుగులెక్క' అనే పేరు మొదటిసారి అవసరమైనప్పుడే వర్చువల్ మెషీన్ దానికోసం వెతుకుతుంది. అప్పటిదాకా ఆ క్లాసు ఈ భూమ్మీద ఉందో లేదో కూడా దానికి పట్టదు.

వెతికి తెచ్చే పని లోడర్‌ది. దానికి ఒక పేరు ఇస్తారు, అది ఒక క్లాసు తిరిగి ఇవ్వాలి. మధ్యలో 'డిఫైన్‌క్లాస్' అనే మెథడ్‌కి బైట్ల వరుస అందించాలి. ఆ బైట్లు హార్డ్ డిస్కు నుంచి తెచ్చావా, డేటాబేసు నుంచా, పక్క ఊరి మెషీన్ నుంచా అని ఆ మెథడ్ అడగదు. బైట్లు సరిగ్గా ఉంటే క్లాసు పుడుతుంది. కిటుకంతా ఇదే. మీ సొంత లోడర్ రాసుకుని, పేరులోని చుక్కల్ని స్లాష్‌లుగా మార్చి, చివర క్లాసు ఫైలు తోక తగిలించి, హెచ్‌టీటీపీలో అడిగి, వచ్చిన బైట్లని డిఫైన్‌క్లాస్‌కి అప్పగిస్తే పని అయిపోయింది. అంత కష్టం కూడా వద్దనుకుంటే 'యూఆర్‌ఎల్ క్లాస్‌లోడర్' అని జావాలోనే సిద్ధంగా ఉంది.

మరి ఇవతల, కోడ్ అందించే సర్వర్? దాన్ని చూస్తే చాలామంది నిరాశపడతారు, ఇంతేనా అని. రిమోట్ మెథడ్ పిలుపుల కోసం తెచ్చిన ఆర్‌ఎంఐతో పాటు సన్ వాళ్లు నమూనాగా ఒక చిన్న క్లాస్ సర్వర్ ఇచ్చేవారు. మామూలుగా 2001 నంబరు పోర్టు మీద కూర్చునేది. 'గెట్' అని వచ్చిన లైను చదువుతుంది, అందులో ఉన్న దారిని క్లాసు పేరుగా మార్చుకుంటుంది, ఫైలు తెరుస్తుంది, ఎన్ని బైట్లో చెప్పి పంపేస్తుంది. తను పంపే కోడ్‌ని నడపడం సర్వర్‌కి రానక్కర్లేదు. అసలు అక్కడ జావా ఉండనక్కర్లేదు, ఏ మామూలు వెబ్ సర్వరైనా చాలు. సొంతంగా రాసుకునేవాళ్లు ఒక్కటి చూసుకోవాలి. దారిలో రెండు చుక్కలు పెట్టి పై ఫోల్డర్లలోకి ఎగబాకే అభ్యర్థనలను తిప్పికొట్టకపోతే, క్లాసు ఫైళ్లతో పాటు ఇంట్లోని ఫైళ్లన్నీ అందరికీ అందుతాయి.

కాబట్టి కష్టమంతా తీసుకునేవైపే ఉంది. అక్కడ మొదటి కాపలా చాలా తెలివైనది: లోడర్‌ని ఏ పేరు అడిగినా, అది ముందు తన పై లోడర్‌ని అడగాలి. పైవాడి దగ్గర లేకపోతేనే తను వెతకాలి. ఎందుకంటే, లేకపోతే రేపు ఎవడో 'స్ట్రింగ్' అనే పేరుతో తన క్లాసు ఒకటి పంపుతాడు, మన ప్రోగ్రాంలో పాస్‌వర్డ్‌లన్నీ వాడి స్ట్రింగ్‌లో కూర్చుంటాయి. పైవాణ్ణి ముందు అడిగితే అసలు స్ట్రింగ్ ఎప్పుడూ జావాదే వస్తుంది. అమీర్‌పేటలో బట్టీపట్టే ఆ మూడు పేర్లూ ఈ వరుసలోని మెట్లే. 'జావా' అనే పేరుతో మొదలయ్యే ప్యాకేజీల్లోకి బయటి క్లాసుల్ని వర్చువల్ మెషీన్ తానే రానివ్వదు, అది వేరే తాళం.

రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. ఒకే పేరున్న క్లాసుని రెండు లోడర్లు తెస్తే అవి ఒకటా, రెండా? రెండు. క్లాసుని గుర్తుపట్టేది పేరు ఒక్కటే కాదు, పేరూ, తెచ్చిన లోడరూ కలిపి. ఈ సంగతి తెలియక తలపట్టుకున్నవాళ్లు ఎందరో. 'తరుగులెక్కను తరుగులెక్కగా మార్చడం కుదరదు' అనే అర్థం వచ్చే ఎర్రర్ తెరమీద పడితే ఎవరికైనా పిచ్చెక్కదూ? మొదట్లో వర్చువల్ మెషీన్‌కే ఈ విషయంలో తడబాటు ఉండేది. 1997లో విజయ్ సరస్వత్ అనే పరిశోధకుడు, రెండు లోడర్లు ఒకే పేరుకి వేరువేరు క్లాసులిస్తే జావా రకాల భద్రత మొత్తం కూలిపోతుందని చూపించాడు. ఒక క్లాసులో దాచిన విలువను ఇంకో క్లాసు వేషంలో చదివేయవచ్చు. మరుసటి ఏడు షెంగ్ లియాంగ్, గిలాద్ బ్రాచా రాసిన పరిశోధన పత్రంతో దానికి సరైన పరిష్కారం వచ్చింది. రెండు లోడర్లు ఏయే పేర్ల విషయంలో ఒకే మాట మీద ఉండాలో మెషీనే గుర్తుపెట్టుకుని, మాట తప్పితే ఆపేస్తుంది.

ఈ రెండో నియమం వల్లనే ఒక మేలు కూడా జరిగింది. ఒక లోడర్ ఒకసారి తెచ్చిన క్లాసుని మళ్లీ కొత్తగా తేలేదు. కొత్త తరుగు లెక్క వచ్చిందంటే, కొత్త లోడర్‌ని పుట్టించి దానితో తెప్పించాలి. పాతది పాత పని ముగిసేదాకా పక్కనే బతికుంటుంది, దాని వస్తువులన్నీ (ఆబ్జెక్టులు) పోయాక తనూ పోతుంది. సర్వర్ ఆపకుండా వెబ్ అప్లికేషన్ మార్చే టామ్‌క్యాట్ లాంటివి చేసేది ఇదే. పాత లోడర్‌ని ఎక్కడో ఒక్క తీగ పట్టుకుని ఉంటే అది పోదు, మార్చిన ప్రతిసారీ మెమరీ కొంత తినేస్తూ ఉంటుంది.

ఇక అసలు కథలోకి వద్దాం. 1997 ఫిబ్రవరిలో జావా 1.1తో ఆర్‌ఎంఐ వచ్చింది. ఒక మెషీన్‌లోని వస్తువు ఇంకో మెషీన్‌లోని మెథడ్‌ని పిలవగలదు, వస్తువుల్ని పంపగలదు. వస్తువు వెళ్లేటప్పుడు దానిలోని విలువలే వెళతాయి, కోడ్ వెళ్లదు. మరి అవతలివాళ్ల దగ్గర ఆ క్లాసు లేకపోతే? అందుకు సన్ వాళ్లు ఒక చమత్కారం చేశారు. వస్తువుతో పాటు 'దీని కోడ్ ఫలానా చోట దొరుకుతుంది' అని ఒక చిరునామా అతికించి పంపుతారు. దాని పేరు కోడ్‌బేస్. అవతలి మెషీన్ ఆ చిరునామాకి వెళ్లి క్లాసు తెచ్చుకుంటుంది. ఈ చిరునామా ఫోల్డర్ అయితే చివర స్లాష్ ఉండి తీరాలి. అది మరిచిపోయి క్లాసు దొరకడం లేదని వాపోయినవాళ్లకి లెక్కలేదు.

స్లాష్ సంగతి చిన్నది. పెద్ద సంగతి ఆ ఏర్పాటులోనే దాగి ఉంది, అప్పట్లో అది చాలామంది కంటికి ఆనలేదు. నా మెషీన్‌లో నడవబోయే కోడ్ ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలో చెబుతున్నది ఎవరు? నాకు వస్తువు పంపినవాడు.

డేటా తప్పుగా వస్తే జవాబు తప్పుతుంది. కోడ్ తప్పుగా వస్తే మెషీనే చేయి జారుతుంది. అందుకని వచ్చిన కోడ్‌ని పరీక్షించే పద్ధతి జావాలో మొదటినుంచీ ఉంది. వెరిఫయర్ ప్రతి మెథడ్‌నీ నడపకముందే చదువుతుంది. ఖాళీ స్టాక్‌లోంచి విలువ తీస్తున్నారా, అంకెని చిరునామాగా వాడుతున్నారా, మెథడ్ హద్దు దాటి బయటికి దూకుతున్నారా అని చూస్తుంది. మంచి పనే. కానీ అది ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో జహీరాబాద్ రైతుకి ఒక్క మాటలో అర్థమవుతుంది. పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. దాని సంఘాల ఆడవాళ్లు ఊరి విత్తన బ్యాంకుల్లో జొన్న, కొర్ర, కంది విత్తనాలను వేపాకు, బూడిద కలిపి బుట్టల్లో దాచి, అవసరమైనవాళ్లకి కొలిచి ఇస్తారు. గింజలు తీసుకునే మనిషికి అవి ఎవరి చేనిలోవో తెలుసు. అంగట్లో సంచి కొంటే అది తెలియదు. మొలక పరీక్ష చేసుకోవచ్చు, కానీ మొలక పరీక్ష విత్తనం మొలుస్తుందనే చెబుతుంది, ఏం కాస్తుందో చెప్పదు. వెరిఫయర్ కూడా అంతే. కోడ్ వ్యాకరణం బాగుందని చెబుతుంది, కోడ్ ఉద్దేశం బాగుందని చెప్పలేదు.

ఉద్దేశం తెలియని కోడ్‌ని ఏం చేయాలి? గోడలు కట్టి లోపల నడపాలి. ఆప్లెట్లు అనే చిన్న జావా ప్రోగ్రాంలకి పెట్టిన 'సాండ్‌బాక్స్' అదే. వెబ్ పేజీతో పాటు వచ్చిన ఆప్లెట్ మీ ఫైళ్లు చదవకూడదు, తను వచ్చిన సర్వర్‌తో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకూడదు. ఇది కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. 1996లోనే ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ గోడలకి రంధ్రాలున్నాయని చూపించారు. అవి పూడ్చారు, కొత్తవి పడ్డాయి. అయినా గోడలను కూల్చింది రంధ్రాలు మాత్రమే కాదు. గోడల లోపల ఉంటే పనికొచ్చే పని జరగదు, అది అసలు సమస్య.

మన దగ్గర దీనికి చక్కటి ఉదాహరణ ఈ-టెండర్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పనులకి ఈ-ప్రొక్యూర్‌మెంట్ 2003లో మొదలైంది. అప్పటినుంచి, ఊళ్లో సీసీ రోడ్డు వేయాలన్నా మురుగు కాల్వ కట్టాలన్నా కాంట్రాక్టర్ టెండరు కంప్యూటర్‌లోనే దాఖలు చేయడం అలవాటైంది, దానికి డిజిటల్ సంతకం పెట్టాలి. సంతకం యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. వెబ్ పేజీకి ఆ టోకెన్‌ని ముట్టుకునే వీల్లేదు. దాంతో దేశంలో ఎన్నో టెండర్ పోర్టళ్లు, కంపెనీల దాఖలాలు చూసే ఎంసీఏ21 కూడా, చాలాకాలం జావా మీద ఆధారపడ్డాయి. సర్వర్ నుంచి ఆప్లెట్ వస్తుంది, సాండ్‌బాక్స్ దాటడానికి అనుమతి అడుగుతుంది, టోకెన్ తెరుస్తుంది, సంతకం పెడుతుంది. నెట్ సెంటర్‌లో కూర్చునే కుర్రాడికి ఈ తతంగం కంఠోపాఠం. ఏ వెర్షన్ జావా ఉండాలి, ఏ బ్రౌజర్‌లో తెరవాలి, జావా కంట్రోల్ ప్యానెల్‌లో సైటు పేరు మినహాయింపుల జాబితాలో ఎక్కించాలి. ఆ తర్వాత 'ప్రమాదం ఉందని తెలిసే నడుపుతున్నాను' అనే పెట్టెలో టిక్కు పెట్టాలి. గడువు సాయంత్రం ఐదింటికి ముగుస్తుంటే ప్రమాదం గురించి ఎవరు ఆలోచిస్తారు? టిక్కు పడిపోయేది.

2012, 2013 సంవత్సరాల్లో, బ్రౌజర్‌లో ఆప్లెట్లను నడిపే జావా ప్లగిన్‌లో వరుసగా లోపాలు బయటపడ్డాయి. 2013 జనవరిలో అమెరికా అంతర్గత భద్రత శాఖ, అవసరం లేనివాళ్లంతా బ్రౌజర్లలో జావాను ఆపేసుకోండని చెప్పేదాకా వచ్చింది. 2015 సెప్టెంబరుకి క్రోమ్ ఆ రకం ప్లగిన్లకి తలుపు మూసేసింది. సాండ్‌బాక్స్ పెట్టే సెక్యూరిటీ మేనేజర్‌ని 2021లో జావా 17 తొలగింపు జాబితాలో చేర్చింది, 2025లో జావా 24తో పూర్తిగా పనిచేయకుండా చేశారు. కోడ్‌ని నెట్‌వర్క్ మీద పంపడం కోసమే పుట్టిందా అనిపించిన భాష, తెచ్చుకున్న కోడ్‌ని గోడల్లో ఉంచే తన ఏర్పాటుని తానే తీసేసింది.

ఆర్‌ఎంఐ చిరునామా సంగతి ఏమైంది మరి? దాన్ని 2013 ఏప్రిల్‌లో వచ్చిన జావా 7 అప్‌డేట్ 21లో సర్దారు. అవతలివాడు అతికించిన కోడ్‌బేస్‌ని ఇక డిఫాల్ట్‌గా పట్టించుకోదు, తనకి తన యజమాని చెప్పిన చిరునామాకే వెళుతుంది. దిద్దుబాటు ఒక్క సెట్టింగ్ విలువ మార్చడమే, కానీ చిరునామా చెప్పే హక్కు పంపినవాడి చేతిలోంచి తీసుకునేవాడి చేతికి వచ్చింది.

అక్కడితో పాఠం అందరికీ అంటిందనుకుంటే పొరపాటు. అదే ఏర్పాటు ఇంకో సందులో మిగిలిపోయింది. జేఎన్‌డీఐ అని జావాలో డైరెక్టరీలను వెతికే సదుపాయం ఒకటుంది. ఎల్‌డాప్ అనే రకం డైరెక్టరీ సర్వర్‌ని ఒక పేరు అడిగితే అది 'ఈ వస్తువు కోడ్ ఫలానా చిరునామాలో ఉంది' అని జవాబివ్వగలదు. అచ్చం ఆర్‌ఎంఐ కథే. ఇటు లాగ్‌ఫోర్‌జే అనే లాగింగ్ లైబ్రరీ ఉంది. ప్రోగ్రాంలో జరిగేవన్నీ ఫైల్లో రాసిపెడుతుంది, జావాలో రాసిన సర్వర్లు లెక్కలేనన్ని దాన్ని వాడతాయి. 2013లో దానికో సౌకర్యం చేర్చారు. రాయబోయే వాక్యంలో ఒక రకం బ్రాకెట్ల మధ్య జేఎన్‌డీఐ చిరునామా కనిపిస్తే, లైబ్రరీ దాన్ని వెతికి ఆ చోట విలువ నింపుతుంది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. లాగిన్ పేజీలో పేరు రాసే గడిలో ఎవరో ఆ బ్రాకెట్ల వరస రాస్తారు. తప్పుడు పేరు వచ్చిందని సర్వర్ లాగ్‌లో రాయబోతుంది. లాగ్‌ఫోర్‌జే ఆ వరసను చదివి వాడి ఎల్‌డాప్ సర్వర్‌కి వెళుతుంది. అది ఇంకో చిరునామా ఇస్తుంది. జావా అక్కడికి వెళ్లి క్లాసు ఫైలు తెచ్చుకుని నడిపేస్తుంది. దాడి చేసేవాడికి కావలసిన సామగ్రి ఏమిటి? మనం పైన చెప్పుకున్న ఆ అమాయకపు క్లాస్ సర్వర్. ఫైలు అడిగితే ఇచ్చేది, అంతే.

దీన్ని అలీబాబా క్లౌడ్‌లో పనిచేసే చెన్ జావోజున్ 2021 నవంబరు 24న లైబ్రరీ వాళ్లకి తెలియజేశాడు. డిసెంబరు రెండో వారంలో లోకమంతా తెలిసిపోయింది. మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్లలో చాట్ గడిలో ఒక వరస రాస్తే చాలని పిల్లలకి కూడా తెలిసింది. లాగ్4షెల్ అని పేరు పెట్టారు. హైదరాబాద్‌లోనే కాదు, ప్రపంచమంతా జావా సర్వర్లు చూసుకునేవాళ్లు ఆ నెలంతా, తమ దగ్గర ఆ లైబ్రరీ ఎక్కడెక్కడ, ఏ జార్ (క్లాసు ఫైళ్ల మూట) లోపలి జార్‌లో దాక్కుందో వెతుక్కోవడంలో గడిపారు. దీన్ని ముందే పసిగట్టినవాళ్లు లేకపోలేదు. జేఎన్‌డీఐ ద్వారా కోడ్ దిగుమతి చేయించవచ్చని 2016లో లాస్ వేగాస్ బ్లాక్ హ్యాట్ సదస్సులోనే చూపించారు. 2018 అక్టోబరులో వచ్చిన జావా 8 అప్‌డేట్ 191, ఎల్‌డాప్ చెప్పిన కోడ్‌బేస్‌ని నమ్మడం మానేసింది. అప్‌డేట్ చేసుకున్నవాళ్లకి ఈ దారిన కోడ్ దిగుమతి కాలేదు, దాడి చేసేవాళ్లు వేరే దారులు వెతకవలసి వచ్చింది. చేసుకోనివాళ్ల సంఖ్య తక్కువేం కాదు.

నా లెక్కలో ఈ ఘటనలో అందరూ తిట్టిన లాగింగ్ లైబ్రరీ కంటే పాత కోడ్‌బేస్ ఆలోచనదే ఎక్కువ పాపం. ఆ సర్వర్ల యజమానులెవరూ కోడ్ తెచ్చుకోవాలని అనుకోలేదు. తమ మెషీన్‌లకి ఆ పని చేతనవునని కూడా వాళ్లకి తెలియదు.

ఇవాళ జహీరాబాద్‌లో ఎవరి జేబులో ఫోన్ చూసినా, దూరం నుంచి వచ్చిన కంపైల్ చేసిన కోడ్ దాంట్లో నడుస్తూనే ఉంటుంది. ఆండ్రాయిడ్ అప్లికేషన్ జావా లాంటి భాషల్లో రాసి, డెక్స్ అనే బైట్‌కోడ్‌గా మార్చి, ప్లే స్టోర్‌కి పంపుతారు. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లు బండిల్ రూపంలోనే ఇవ్వాలి. అందులోంచి మీ ఫోన్ చిప్పుకీ, తెరకీ, భాషకీ కావలసిన ముక్కలే ఏరి పంపుతారు. నచ్చినా నచ్చకపోయినా ఇక్కడ చిరునామా ముందే ఖాయం చేసి ఉంటుంది. కొత్త వెర్షన్ మీద ఉన్న సంతకం పాతదానితో సరిపోకపోతే ఫోన్ ఎక్కించుకోదు. ప్లే స్టోర్ ద్వారా వచ్చిన యాప్ ఇంకెక్కడినుంచో డెక్స్ గానీ, జార్ గానీ దింపుకుని నడపకూడదని గూగుల్ నియమం. స్టోర్ యజమాని గుత్తాధిపత్యం అని దీన్ని తిట్టేవాళ్లున్నారు, అందులో నిజం ఉంది. లాగ్4షెల్ చూసిన తర్వాత నాకు ఆ నియమం మీద కోపం మాత్రం కాస్త తగ్గింది.

బ్రౌజర్‌లో ఆప్లెట్ ఖాళీ చేసిన చోటుని వెబ్ అసెంబ్లీ ఆక్రమించింది. 2017లో నాలుగు పెద్ద బ్రౌజర్లలోకీ వచ్చి, 2019 డిసెంబరు 5న డబ్ల్యూ3సీ ప్రమాణమైంది. ఇదీ కంపైల్ చేసిన కోడే, ఇదీ సర్వర్ నుంచే వస్తుంది, పూర్తిగా దిగకముందే బ్రౌజర్ దాన్ని చిప్పు భాషలోకి మార్చడం మొదలుపెడుతుంది. ఆప్లెట్ నుంచి నేర్చుకున్నది దీంట్లో కనపడుతుంది. దీనికి తనకంటూ ఫైళ్లు లేవు, నెట్ లేదు, ఏమీ లేదు. పేజీ చేతికిచ్చినవే దాని చేతిలో ఉంటాయి. ముందు అన్నీ ఇచ్చి ఒక్కోటీ నిషేధించడం ఆప్లెట్ పద్ధతి, ఏమీ ఇవ్వకుండా మొదలుపెట్టడం దీని పద్ధతి.

ఫోన్లూ, బ్రౌజర్లే కాదు, ఇప్పుడు బండ్లు కూడా కోడ్ తెచ్చుకుంటున్నాయి. జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారుచేసే మహీంద్రా సంస్థ 2023 ఏప్రిల్‌లో అక్కడే విద్యుత్ వాహనాల కర్మాగారానికి శంకుస్థాపన చేసింది. ఇప్పటి విద్యుత్ బండ్లలో బ్యాటరీనీ మోటారునీ నడిపేది కంట్రోలర్లలోని కోడ్, దాన్ని గాలిలోంచే మార్చే పద్ధతి వాహనాల్లోకి వచ్చేసింది. ఇక్కడ ఇంకో జాగ్రత్త కలుస్తుంది. మెమరీలో రెండు గదులుంటాయి. నడుస్తున్న కోడ్ ఒకదాంట్లో ఉండగా కొత్తది రెండోదాంట్లో దిగుతుంది. సంతకం చూసి, సరిపోతేనే అటు మారుతుంది. కొత్తది లేవకపోతే పాత గదికి తిరిగి వస్తుంది. రోడ్డు మధ్యలో బండి ఎర్రర్ చూపిస్తే నెట్ సెంటర్‌కి తీసుకెళ్లలేం కదా.

నేర్చుకోవడానికి ఎవరైనా ఇలాంటిది సొంతంగా కట్టి చూడాలనుకుంటే రెండు ల్యాప్‌టాప్‌లూ ఒక వైఫైయూ చాలు. ఒకదాంట్లో మామూలు వెబ్ సర్వర్, ఒక క్లాసు ఫైలు. రెండోదాంట్లో సొంత లోడర్. సర్వర్ చిరునామా లోడర్‌లోనే రాసేయండి, బయటినుంచి వచ్చే ఏ సందేశంలోంచీ తీసుకోకండి. బైట్లు రాగానే డిఫైన్‌క్లాస్‌కి ఇవ్వకుండా, పక్కనే వచ్చిన సంతకాన్ని పబ్లిక్ కీతో సరిచూడండి. ఆ పబ్లిక్ కీ కూడా లోడర్‌తో పాటే ఉండాలి, సర్వర్ నుంచి తెచ్చుకుంటే దానికి అర్థం లేదు. వెర్షన్ నంబరు సంతకం లోపలే కలపండి, లేకపోతే లోపాలున్న పాత కోడ్‌ని అసలు సంతకంతోనే ఎవరైనా మళ్లీ పంపగలరు. కిందటిసారి సరిగ్గా నడిచిన కాపీ ఒకటి డిస్కులో దాచుకోండి, నెట్ లేనప్పుడు అదే దిక్కు. ఇక సంతకం పెట్టే ప్రైవేట్ కీ సంగతి. దాన్ని కోడ్ అందించే సర్వర్‌లో పెట్టకండి. ఆ మెషీన్‌లో చొరబడినవాడికి ఫైళ్లు మార్చే వీలెలాగూ ఉంటుంది, కీ కూడా దొరికితే వాడు మార్చిన ఫైలుకి మీ సంతకమే పడుతుంది.